బెల్లాన్స్‌లో ఆగొద్దు

"ఆ కాగితం మా ఆవిడ రాసిందండీ."

కొబ్బరి తురుముతున్న యూలాలీ చెయ్యి ఆగిపోయింది. ముందు గదిలో ఫిట్జరాయ్ ఫోనులో మాట్లాడుతున్నాడు. పద్నాలుగేళ్ల కాపురంలో అతను ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. తలుచుకుంటే తర్వాత తనకే సిగ్గేసింది గానీ, ఆ క్షణాన గుండె చిన్నగా పొంగింది. ఎవరో మెచ్చుకుని ఉంటారు, ఇన్నాళ్లకి తన పేరు చెబుతున్నాడు అనుకుంది.

"అవునండీ, బెల్లాన్స్‌లో ఆగమని ఆవిడే రాసింది. ఆడవాళ్లకి సముద్రం సంగతి ఏం తెలుస్తుంది చెప్పండి? నమ్మడం నాదే తప్పు."

యూలాలీ మళ్లీ తురమడం మొదలుపెట్టింది. వేలు గీసుకుని, తెల్లటి తురుములో ఒక ఎర్ర చుక్క పడింది. దాన్ని గోటితో తీసి పారేసింది. రేపు పడవ ఎక్కే అతిథులకి ఆయిల్‌డౌన్ వండాలి. సీమపనస ముక్కలు, ఉప్పుచేప, ఆకుకూర కుండలో పేర్చి కొబ్బరిపాలు ఇంకేదాకా ఉడికించాలి. చుక్క పడిందనో, మాట పడిందనో వంట ఆగదు.

ఆ కాగితం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, రాసేది ఆమె అని ఎవరూ ఒప్పుకోరు. గ్రెనడా దీవి చుట్టూ తెరచాప పడవలో ఆరు రోజుల ప్రయాణం. ఏ రోజు ఏ రేవులో ఆగాలి, ఎన్నింటికి లంగరెత్తాలి, నీళ్లు ఎక్కడ నింపుకోవాలి, ఏ ఒడ్డున మంచి రొట్టె దొరుకుతుంది, అంతా అందులో ఉంటుంది. శుక్రవారం బయలుదేరితే సాయంత్రానికి గుయావ్ చేరాలి, ఆ రోజే అక్కడ వీధంతా పొయ్యిలు పెట్టి చేపలు వేయిస్తారు. గాలి చాటున పడమటి ఒడ్డు వెంట పైకి వెళ్లి, ఉత్తరపు కొన తిరిగి, గాలి పక్కనుంచి పట్టుకుని తూర్పు ఒడ్డు దిగాలి. తిరగేసి వెళ్తే అతిథులు మూడు రోజులు కక్కుకుంటారు. గ్రెన్‌విల్ రేవులోకి మధ్యాహ్నం దాటాక పోకూడదు, ఎండ ఎదురు కొట్టి పగడపు దిబ్బ ఎక్కడుందో కనబడదు. పొద్దున్నే పోతే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, గోధుమరంగు దిబ్బ ఎక్కడో నీలం లోతు ఎక్కడో నీళ్లే చెబుతాయి. క్రిస్మస్ తర్వాత గాలి లేకపోయినా ఉత్తరం నుంచి పెద్ద అల వస్తుంది. ఏ రేవులో అది పడవని ఉయ్యాల ఊపుతుందో, ఏ రేవులో ఊపదో యూలాలీకి కళ్లు మూసుకున్నా తెలుసు. ఇవన్నీ ఆమె నాన్న డెన్సిల్ మోకాళ్ల మధ్య కూర్చుని, పడవ వెనక కొస, అమరం దగ్గర చుక్కాని కొయ్య మీద చిన్న చేతులు వేసి నేర్చుకున్నవి. పక్క దీవి కారియాకూలో ఆ పడవని స్వయంగా చెక్కి, దాంట్లో మేకలూ సిమెంటూ మోసి పిల్లల్ని పెంచినవాడు డెన్సిల్. పోతూ పోతూ పడవని కూతురి పేరున రాశాడు. కాగితం మీద పేరు ఆమెదే. ఊరంతా మాత్రం దాన్ని ఫిట్జరాయ్ పడవ అంటుంది. సొమ్మొకరిది, సోకొకరిది.

తొమ్మిదో ఏట బడి మానేసిన యూలాలీ, ముప్ఫై దాటాక, పెళ్లైన కొత్తలో, చర్చి హాల్లో సాయంత్రం క్లాసుకి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. నోట్లో ఉన్నది కాగితం మీదకి వస్తే పోదు కదా అని ఆశ. మొదటిసారి ఆరు రేవుల పేర్లు రాసి చూపిస్తే ఫిట్జరాయ్ కాగితాన్ని కావాలనే తలకిందులుగా పట్టుకుని, "కోళ్లు గెలికినట్టుందే!" అని నవ్వాడు. నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటినుంచి ప్రతి కాగితం ఆ జేబులోకే. అతిథుల పుస్తకంలో మాత్రం గుండ్రటి చేతిరాతలు, 'మా సరంగు ఫిట్జరాయ్‌కి ప్రతి అల పేరు పెట్టి తెలుసు' అని. వాటిని అతను పైకి చదివించుకుని వినేవాడు. చదివేది యూలాలీయే.

"నీకేమే, ఇంట్లో కూర్చుని రాస్తావు. ఎండలో నిలబడేది నేను," అనేవాడు.

"మగాడి పేరుంటేనే మనుషులు పడవ ఎక్కుతారమ్మాయ్," అనేది అత్తగారు క్లెమెన్సియా, జాజికాయల మీద జాపత్రి ఒలుస్తూ. "ఆడది అమరం మీద చెయ్యేస్తే గాలి పడిపోతుందని మా మావగారు అనేవాడు."

ఇంట్లో కూర్చుని! ప్రతి ప్రయాణానికీ ముందు రెండు రోజులు, గిన్నెలు తోముతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక్కో రేవులో ఒక్కో చేపలమ్మే ఆడమనిషిని ఆమె పలకరించేది. కాలునొప్పి తగ్గిందా అక్కా, మనవరాలు నడుస్తోందా, మీ రేవులో నీళ్లెలా ఉన్నాయి, కొత్తగా ఏ కొయ్య మునిగింది, వల ఎప్పుడు వేస్తారు. రేవు అంటే పటం మీద చుక్క కాదు, అక్కడ బతికే మనుషులు. వాళ్లు చెబితేనే కాగితం నిలబడుతుంది. అలా చెప్పిన వాళ్లలో బెల్లాన్స్ రేవు జోయ్‌సీ ఒకతి. "యూలా, ఈ శనివారం మా వైపు రాకండి. జాక్ చేపలు దిగుతున్నాయి, ఏ గంటకైనా వల పడుతుంది," అంది. యూలాలీ రాసింది: బెల్లాన్స్‌లో ఆగొద్దు.

ఆ తీరం మీద కట్టుబాటు ఒకటుంది. చేపల గుంపు లోపలికి వచ్చిందంటే రేవు వలవాళ్లది. శంఖం ఊదగానే ఎంతటి ఓడైనా లంగరెత్తి తప్పుకోవాలి. కిందటి శనివారం అతిథులెవరో ఇసుక తెల్లగా ఉందని ముచ్చటపడ్డారట. ఫిట్జరాయ్ అక్కడే లంగరేసి, భోజనం మీద రమ్ము పోసుకుని, పడవ ముందు కొస, అణియం నీడలో పడుకున్నాడు. మూడుసార్లు శంఖం ఊదినా లేవలేదు. వల తాడు అతని లంగరు గొలుసుకి చిక్కి, వల నిలువునా చిరిగింది. పదకొండు రోజులు ఎదురుచూసిన గుంపు అరనిమిషంలో చెల్లాచెదురైంది. తాడు లాగిన ప్రతివాళ్లకీ వాటా ఉండే వల అది. ముసలివాళ్లు, మొగుడు పోయినవాళ్లు, ఊరంతా దాని మీదే ఆ వారం తినాల్సింది.

ఫోను పెట్టేసి ఫిట్జరాయ్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఫోను బెల్లాన్స్ నుంచే. వలపెద్ద ఆంబ్రోస్ కబురు పెట్టాడు. తప్పు చేసినవాళ్లు వచ్చి, వాటా లేకుండా ఒక వల లాగాలట. లేకపోతే ఈ ఒడ్డున ఏ రేవులోనూ మన పడవని ఆగనివ్వరు. రేపు నిన్ను కూడా తీసుకెళ్తాను. ఎల్లుండి పొద్దున బెల్లాన్స్‌లో దిగి, రెండు మాటలు మెత్తగా చెప్పి, కాసేపు తాడు లాగు. ఆడదానివి, నిన్నెవరూ ఏమీ అనరు."

"నేను ఆగమని రాశానా?"

"ఏదో ఒకటి రాశావు. ఇప్పుడవన్నీ ఎందుకు? నా పేరు పోతే ఇల్లు గడవదు. నీ పేరు పోతే ఏం పోతుంది చెప్పు?"

ఆమె అతని పంట్లాం ఉతకడానికి తీసుకెళ్లి, అలవాటు కొద్దీ జేబులు తిప్పింది. కాగితం అక్కడే ఉంది, చెమటకి మెత్తబడి. 'బెల్లాన్స్‌లో ఆగొద్దు' అన్న వాక్యం మీద నీలం పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. పక్కన అతని చేత్తో 'ఆగుతాం'. యూలాలీ సబ్బు నురగ చేతులతోనే దాన్ని మళ్లీ చదివింది. కోపం కూడా వెంటనే రాలేదు. ముందు వచ్చింది లెక్కలేనన్ని కాగితాల జ్ఞాపకం. అవన్నీ ఇలాగే నీళ్లలో నానిపోయి ఉంటాయి. బాగుంటే అతని తెలివి, బెడిసికొడితే ఆమె రాత. తన పేరు పోతే ఏం పోతుంది? జోయ్‌సీ ఫోనెత్తడం మానేస్తుంది. చెప్పిన మాట వినని మనిషికి రేవు గుట్టు ఎవరు చెబుతారు? గుయావ్ నుంచి గ్రెన్‌విల్ దాకా, ఒక్కొక్కరూ మానేస్తారు. నాన్న ఇచ్చిన సముద్రమంతా ఆ ఆడవాళ్ల నోళ్లలోనే బతికుంది. అది పోతే తనకి మిగిలేది ఈ తొట్టీ, ఈ పంట్లామూ. కాగితాన్ని తువ్వాలుతో అద్ది, రవికలో పెట్టుకుంది.

శుక్రవారం నలుగురు అతిథులు ఎక్కారు, ట్రినిడాడ్ నుంచి వచ్చిన రిటైరైన టీచరమ్మలు. తెరచాపల పని చూసే ముసలాయన కాస్మోస్ ఎప్పటిలాగే ఉన్నాడు. డెన్సిల్ కాలం నుంచీ ఆ పడవలోనే ఉన్నవాడు, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. యూలాలీని ఫిట్జరాయ్ "మా వంటమనిషి" అని నవ్వుతూ పరిచయం చేశాడు. టీచరమ్మల్లో పెద్దావిడ, మిస్ హైసింత్, నవ్వలేదు.

శనివారం పొద్దున్నే బెల్లాన్స్ బయట, లోతు నీళ్లలో లంగరేశారు. ఈసారి ఆ చోటు యూలాలీ చూపించింది. ఫిట్జరాయ్ చిన్న పడవలో ఆమెని ఒడ్డుకి తెచ్చి, తాను కాస్త వెనకగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వల అప్పటికే నీళ్లలో అర్ధచంద్రంలా పడి ఉంది. ఒడ్డున నలభైమంది దాకా ఉన్నారు. జోయ్‌సీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, పలకరించలేదు.

"ఏమ్మా డెన్సిల్ కూతురా," అన్నాడు ఆంబ్రోస్. "మీ నాన్న ఈ రేవులో ఒక్క చేపని బెదరగొట్టిన పాపాన పోలేదు. నీకేం పుట్టిందమ్మా?"

"ఆవిడకి తెలియక రాసింది మావా," అన్నాడు ఫిట్జరాయ్ వెనకనుంచి. "తాడు లాగుతుంది. మనలో మనకి గొడవెందుకు?"

"నిన్నడగలేదోయ్," అంది జోయ్‌సీ. "యూలా, నేను నీకు నోరు తెరిచి చెప్పానా లేదా? చెప్పిన మాట ఏ గంగలో కలిపావే?"

యూలాలీ రవికలోంచి కాగితం తీసింది. పైకి చదివింది. మొదటి వాక్యం నుంచి, తీరిగ్గా, గుయావ్‌లో రొట్టె ఎవరి దగ్గర కొనాలో, పోటు తిరక్కముందే ఉత్తరపు కొన ఎలా దాటాలో, అవి కూడా వదలకుండా. బెల్లాన్స్ దగ్గరికి వచ్చాక చదవడం ఆపి, కాగితాన్ని ఆంబ్రోస్ చేతికిచ్చింది. ఆయన దూరంగా పట్టుకుని, దగ్గరికి పట్టుకుని చూశాడు. పక్కనున్న కుర్రది ఆయన భుజం మీదుగా వంగి, "ఆగొద్దు అనుంది తాతా. నీలం పెన్సిలుతో కొట్టేశారు. 'ఆగుతాం' అని వేరే చేతిరాత," అంది.

"నీలం పెన్సిల్ ఎవరిది?" అన్నాడు ఆంబ్రోస్.

ఫిట్జరాయ్ చొక్కా జేబులోంచి అది తల బయటపెట్టి చూస్తూనే ఉంది. ఎవరో పకపకా నవ్వారు. "మూడుసార్లు శంఖం ఊదితే లేవనివాడు, పెన్సిల్ మాత్రం పారేసుకోలేదు చూడండర్రా!" అంది జోయ్‌సీ.

"నా తప్పూ ఉంది మావా," అంది యూలాలీ. నవ్వులు ఆగాయి. "పద్నాలుగేళ్లు రాశాను. ఒక్క కాగితం కిందా నా పేరు పెట్టలేదు. పేరు లేని రాత కాబట్టే కొట్టేయడానికి ఎవరికీ భయం వేయలేదు. ఆ తప్పు దిద్దుకుంటాను. వల చింపిన తప్పు మాత్రం నాది కాదు. దానికి నేను తాడు పట్టుకోను."

"ఏమే, ఇంటి గుట్టు ఇసుకలో పరుస్తావా?" ఫిట్జరాయ్ పళ్లు నూరుతూ అన్నాడు.

"నువ్వు నా పేరు ఫోనులో పరిచావుగా."

ఆంబ్రోస్ కాగితాన్ని మడిచి ఆమెకిచ్చాడు. తాడు కొసని ఫిట్జరాయ్ వైపు చూపించాడు. "రావోయ్ సరంగూ. పట్టుకో. ఒకసారి పట్టుకున్నాక చేపలున్న వల సంచి ఇసుక ఎక్కేదాకా వదలకూడదు, తెలుసుగా."

"అతిథులున్నారు మావా! పది గంటలకి పోటు తిరుగుతుంది. ఈలోగా ఉత్తరపు కొన దాటకపోతే నీళ్లు ఎదురు తంతాయి."

"ఆ ముక్క కూడా కాగితంలోనే ఉందిలే, ఇప్పుడే విన్నాం," అంది జోయ్‌సీ.

నలభై జతల కళ్ల ముందు ఫిట్జరాయ్ తాడు పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు? ఆ ఒడ్డు మీద ప్రతి రేవులోనూ వలవాళ్లు ఒకరికొకరు చుట్టాలే. ముందున్నవాళ్లు పాట ఎత్తుకున్నారు, తాడు బిగిసింది, అతని మడమలు ఇసుకలో దిగాయి.

యూలాలీ నీళ్లలోకి నడిచి చిన్న పడవని తోసింది. ఈ పని చెయ్యాలని ఆమె ఇంటినుంచి అనుకుని రాలేదు. కాగితం చదవడం వరకే అనుకుంది. కానీ పడవలో నలుగురు అతిథులున్నారు, పోటు ఎవరి కోసమూ ఆగదు, ఆ దారి తెలిసిన మనిషి ఖాళీ చేతులతో ఒడ్డున నిలబడి ఉంది. ఇంతకన్నా ఆలోచించాల్సింది ఏముంది? తెడ్లు పట్టుకుంది.

"యూలాలీ! ఎక్కడికే? సంచి వచ్చేదాకా ఆగు! యూలాలీ!"

అందరి ముందూ అతను ఆమె పేరుని అంత గట్టిగా పిలవడం ఎన్నడూ లేదు. ఆమె వెనక్కి తిరగలేదు.

పడవెక్కి, "లంగరెత్తు కాస్మోస్," అంది. ముసలాయన ఒడ్డు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "పద్నాలుగేళ్లు పట్టింది నీకు," అని గొలుసు దగ్గరికి వెళ్లాడు. తెరచాప విప్పుకుని, ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుని, నిండింది. గాలి పడిపోలేదు. చుక్కాని కొయ్య అరచేతికి చల్లగా, బరువుగా తగిలింది. పడవ వంగి ఉత్తరానికి తిరిగింది.

మిస్ హైసింత్ టోపీ పట్టుకుని అమరం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒడ్డున తాడు లాగుతున్నవాళ్లని చూసింది, యూలాలీ చేతుల్ని చూసింది. "ఈ సాయంత్రం ఎక్కడ ఆగుతామమ్మా?" అని అడిగింది.

యూలాలీ తెరచాప అంచు మీద కన్నుంచి జవాబు చెప్పింది.

"నేను ఆపిన చోట."