అతుకు దొరకని ముద్ద

మట్టి తనది, జిగురు అక్కది. చెల్లెలి వాదనంతా ఇంతే. మర్నాటి సభలో, ఆ రెండూ నీటిలో కలిపి చేసిన ముద్దను చూపిస్తూ మాట్లాడే అవకాశం ఒక్కరికే ఉంది. అక్క తన పేరు తానే ఇచ్చేసి వచ్చింది.

"నలుగురిని చూస్తే నీళ్లు నములుతావు కదే. అందుకే నేను వెళ్తున్నా," అంది అక్క.

"నమిలితే నమిలాను. నా మట్టి లేకపోతే నీ జిగురు వట్టి చీమిడి."

ప్రయోగశాలలో అందరూ తలలు దించుకుని నవ్వారు. చెల్లెలి మాటలో అబద్ధం లేదు. కంటికి ఆనని మట్టి రేకులు నీటిలో గడ్డకట్టకుండా విడివిడిగా నిలిచేలా చేయడానికి ఆమె చలికాలమంతా పాటుపడింది. అక్క తయారుచేసిన పొడవాటి జిగురు పోగులు తమ కొసలతో ఆ రేకులను పట్టుకున్నాకే, గిన్నెలోని నీరు ముద్దగా నిలబడింది. దాదాపు అంతా నీరే, అయినా బోర్లిస్తే కారదు.

ఈ రభస ప్రయోగశాల నడిపే మేడమ్ చెవిన పడింది. పక్షపాతమంటే ఆమెకు ఒళ్లుమంట.

"చెరొక ముద్ద చేయండి. ఎవరిది బాగా సాగితే వాళ్లే మాట్లాడాలి," అని తీర్పు చెప్పింది.

అక్క జిగురు ఎక్కువ పోసి ఎర్రరంగు కలిపింది. చెల్లెలు మట్టి ఎక్కువ వేసి నీలం కలిపింది. మేడమ్ సన్నని తీగతో రెండింటినీ ఒకే కొలతకు కోసి, భోజనాలయ్యాక పరీక్ష అంది.

కోసిన ముద్ద ఆరిపోకుండా తడిపెట్టెలో దాచడం అక్కడి ఆనవాయితీ. పెట్టె ఒక్కటే. అక్క తన ముద్దను లోపలికి నెట్టింది. చోటు చాలలేదని చెల్లెలు తనదాన్ని ఇంకాస్త గట్టిగా నెట్టింది. ఇద్దరూ మూతి ముడుచుకుని చెరో బల్ల దగ్గర తిన్నారు.

తిరిగివచ్చి మూత తీస్తే లోపల ఉన్నది ఒకటే ముద్ద. అప్పుడే కోసిన ముఖాలు ఒకదాన్నొకటి ఒత్తుకోగానే, తెగి వేలాడుతున్న జిగురు పోగుల కొసలు అవతలి రేకులను వాటేసుకున్నాయి. ఎరుపు, నీలం కలిసిన చోట ఊదా చార మిగిలింది. అతుకు మాత్రం దొరకలేదు.

"నా సగం నాకిచ్చెయ్," అంది చెల్లెలు.

"నీదేదో తేల్చుకుని తీసుకో."

చెరో కొస పట్టుకుని లాగారు. ముద్ద సాగింది. అక్క తలుపు దాకా, చెల్లెలు కిటికీ దాకా వెళ్లారు. మధ్యలో ఉన్నవాళ్లు దాని కిందనుంచి వంగి వెళ్లారు. చివరికి ఎరుపు వైపు తెగింది. అక్కాచెల్లెళ్లిద్దరూ వెల్లకిలా పడ్డారు. ఊదా చార చెక్కుచెదరలేదు.

ముందు అక్కకే నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, నేల మీదనుంచే అంది, "మట్టి దీనిదే, మేడమ్. ఒప్పుకుంటున్నా."

"ఇక్కడ ఒప్పుకుంటే చాలదు, సభలో ఒప్పుకోవాలి," అంది చెల్లెలు, జుట్టుకంటిన ముద్దను పీక్కుంటూ.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుంది. "మాట్లాడేది ఒక్కరే కావాలన్నారు. లాగేవాళ్ల సంగతి ఎవరూ అనలేదు. పెద్దదానా, నీ మొదటి మాట మట్టి గురించే ఉండాలి. అది మరిచిపోతే, చిన్నదానా, నువ్వు లాగు."

మర్నాడు వేదిక మీద అక్క ఒక కొస, చెల్లెలు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. అక్క గొంతు సవరించుకుంటుండగానే చెల్లెలు చిన్నగా ఒక లాగు లాగింది.

"ఉండవే, చెబుతున్నా," అన్న మాట మైకులో హాలంతా వినిపించింది. నవ్వులు తగ్గాక అక్క మొదలుపెట్టింది. "ఈ మట్టి మా చెల్లెలిది."