నా పేరు మీద కాదన్నారు

పకోడీల మూకుడు పొయ్యి మీద ఉండగానే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది, ఇంకోసారి చాయ్ పంపమని. అది మూడోసారి. జనగామ నుంచి వచ్చిన సలహాదారు, నా భర్త సుదర్శన్, నా కొడుకు రాకేష్ పొద్దున పదింటి నుంచి కేసముద్రంలోని మా పప్పుమిల్లు భవిష్యత్తును గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఆ భవిష్యత్తుకు కావలసిన ఉల్లిగడ్డలు తరుగుతున్నాను.

విషయం చిన్నది. కందిపప్పులోని నల్లగింజలను, రాళ్ళను రంగును బట్టి వేరు చేసే మిషన్ ఒకటి కొన్నారు. పదకొండు నెలలుగా అది మిల్లు ఆవరణలో టార్పాలిన్ కప్పుకొని నిలబడి ఉంది. దానిని బిగిస్తే, చేతితో పప్పు ఏరే ఇరవై ఇద్దరు ఆడవాళ్ళను ఏం చేయాలో తేల్చాలి. బిగించకపోతే పెద్ద వ్యాపారులు మా సరుకు ముట్టరు. తేల్చవలసిన మనిషి మాత్రం చూద్దాం అంటాడు. ఉగాది పోనీ చూద్దాం, వానలు తగ్గనీ చూద్దాం, కొత్త కందులు రానీ చూద్దాం. ఆ ఆడవాళ్ళు ప్రతి పొద్దూ తండాల నుంచి ఆటోల్లో వచ్చి, ఆనాటికి పని ఉందో లేదో తెలియక షెడ్డు గోడకు ఆనుకొని కూర్చుంటున్నారు.

ముందుగదిలో వాళ్ళ ముందు కప్పులు పెడుతుండగా సలహాదారు మాట చెవిన పడింది. మిల్లులు మిషన్లు లేక చెడవనీ, ఔనో కాదో సూటిగా చెప్పే మనిషి లేక చెడతాయనీ అతను అంటున్నాడు. నేను చదివిన కాజీపేట సిస్టర్ల బడిలో ప్రశ్నకు జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలి, కారణాలు ఆ తరువాత. కనుక జవాబు చెప్పాను. మిషన్ బిగించండి, ఆడవాళ్ళలో కొందరికి దానిని నడపడం నేర్పండి, కొందరిని ప్యాకింగులో పెట్టండి, మిగిలినవారికి మూడు నెలల ముందే చెప్పండి అన్నాను.

నా భర్త సలహాదారు వైపు తిరిగి నవ్వాడు. "మా ఇంటామె కాన్వెంటుల చదివింది సార్. అప్పుడప్పుడు గిట్ల గాలి సోకుతది."

రాకేష్ ఫోను మీంచి తల ఎత్తకుండానే, "అమ్మా, పకోడీ మాడుతున్నట్టుంది" అన్నాడు.

మాడలేదు. నేను వెళ్ళి చూశాను.

ఆ సాయంత్రం పెరటి తలుపు దగ్గరికి ద్వాళి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా షెడ్డులో పప్పు ఏరుతున్న మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. మా మీద నీకేం పగ?"

నాకు అర్థం కాలేదు. ఆమె నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది. పని ఉంటదా పోతదా అని అడిగినప్పుడల్లా సేటు, తనకైతే ఉంచుకోవాలనే ఉందనీ, ఇంట్ల అమ్మ ఒప్పుకుంటలేదనీ అంటున్నాడట. ఇది ఈ పదకొండు నెలల మాటే కాదు. ఎనిమిదేళ్ళ కిందట షెడ్డు వెనుక మరుగుదొడ్డి కట్టించమంటే అమ్మకు ఇష్టం లేదన్నాడట. నాటి నుంచి నేటి వరకు వాళ్ళు రైలు పట్టాలు దాటి తుమ్మచెట్ల చాటుకు పోతున్నారు. తన పక్కన పప్పు ఏరే ఉప్పలమ్మ గర్భసంచి ఆపరేషన్ అయినాక, నేల మీద కూర్చోలేను, ఏదైనా నిలబడి చేసే పని ఇమ్మని అడిగితే అమ్మ వద్దన్నదన్నాడట. పదిహేను రోజులకే ఉప్పలమ్మ మళ్ళీ చాట ముందేసుకొని నేల మీద కూర్చుంది.

ఆ మాటల్లో ఒక్కటి కూడా నాది కాదని చెప్పాను. అసలు నన్ను ఎవరూ అడగనేలేదని చెప్పాను. ద్వాళి నా ముఖం వైపు మొదటిసారి చూసింది.

"అందరు గట్లనే అంటరమ్మా" అని వెళ్ళిపోయింది.

పాత సంగతి ఒకటి నాకు అప్పుడు అర్థమైంది. ఒకనాడు కూరగాయల అంగట్లో ఉప్పలమ్మను పలకరిస్తే ముఖం తిప్పుకొని పక్కకు ఉమ్మింది. చదువు లేనివారి మొరటుతనమని అనుకున్నాను; ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పుకుంటే, కూలోళ్ళు గంతే అన్నాడు, కన్నార్పకుండా. నలభై ఆరేళ్ళుగా నేను ఆ ఇంట్లో కూరలో ఉప్పు తప్ప దేనినీ నిర్ణయించలేదు. పిల్లల పేర్లు అత్తగారు పెట్టారు, చదువులు మామగారు తేల్చారు, నా కంటి ఆపరేషన్‌కు తేదీ రాకేష్ తనకు తీరిక ఉన్న రోజు చూసి పెట్టాడు. అడిగే హక్కు లేని మనిషిని ఊరందరి దృష్టిలో అన్నింటికీ అడ్డుపడే మనిషిగా నిలబెట్టారు. నా నోరు మూసి, నా పేరును మాత్రం వాడుకున్నారు. దొంగిలించిన సంతకం కంటే ఇది ఏ విధంగా తక్కువ నేరం?

భోజనాల దగ్గర అడిగాను. ఆయన దాచలేదు. అన్నం కలుపుతూ, పసిపిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పాడు.

"మొగోడు కాదంటె మనసుల పెట్టుకుంటరు, పని చెడగొడ్తరు. ఆడిది కాదన్నదంటె రెండు తిట్లు తిట్టి ఊకుంటరు. యాపారం గట్లనే నడుస్తది. ఇంట్ల కూసున్నదానికి నీకేం తక్కువైంది?" అని, చారు పోయమన్నాడు.

పోశాను. అదే నా జవాబని ఆయన అనుకొని ఉంటాడు.

మరునాడు తొమ్మిదింటికి మిల్లుకు నడిచి వెళ్ళాను. దసరా పూజకు తప్ప అక్కడ ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఫిట్టరు కల్యాణ్ బీడీ పారేసి లేచాడు. టార్పాలిన్ తీసి మిషన్ బిగించమన్నాను; అంతకంటే ముందు షెడ్డు వెనుక మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీని పిలవమన్నాను. సేటును అడిగి వస్తానని అతను అనలేదు. ఎవరూ అనలేదు. నిర్ణయాలన్నీ నావేనని ఆ మిల్లులో ప్రతి ఒక్కరూ ఎన్నడో నమ్మి ఉన్నారు.

పదింటికి మా ఆయన వచ్చాడు. టార్పాలిన్ లేని మిషన్‌నూ, గునపం పట్టిన మనుషులనూ చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆపవచ్చు. కాని ఆపాలంటే ఇక్కడ నా మాట చెల్లదని అందరి ముందూ చెప్పాలి. చెబితే ఇన్నేళ్ళ కాదనడాలన్నీ ఎవరివో ఆ క్షణమే తేలిపోతుంది. ఆయన నోరు తెరిచాడు, కల్యాణ్ వైపు చూశాడు, మూసుకున్నాడు.

షెడ్డులో ఇరవై ఇద్దరి ముందు నిలబడ్డాను. పాత మాటల గురించి ఏమీ చెప్పలేదు. నమ్మమని బతిమాలే వయసు కాదు నాది. మూడు నెలల తరువాత చేతితో ఏరడం ఉండదని చెప్పాను. మిషన్ దగ్గర ఎవరుంటారో, ప్యాకింగుకు ఎవరు వెళ్తారో పేర్లు చదివాను. ఉప్పలమ్మకు మిషన్ దగ్గర కుర్చీ వేయిస్తానన్నాను. ఆమె తల ఎత్తలేదు. ఇటీవల చేరిన పన్నెండు మందికి ఇక్కడ పని ఉండదనీ, ఇప్పటి నుంచే వేరే పని చూసుకోవాలనీ కూడా చెప్పాను. "ఇది నా మాట. సేటుది కాదు, నాదే" అన్నాను.

నిరుడు చేరిన శ్రీలత చాటను గోడకు కొట్టి లేచింది.

"నీ నోరు పడిపోను. మా కడుపుల మన్ను గొట్టినవ్ గదనే ముసల్దానా."

ద్వాళి ఆమెను పట్టి కూర్చోబెట్టబోయింది. వద్దని చేయి చూపాను. ఇన్నేళ్ళూ నేను అనని మాటలకు తిట్లు నా ఇంటి చుట్టూ తిరిగాయి, నా చెవిన పడకుండానే. ఇది నాది, నేను అన్న మాటకు వచ్చినది. చివరి అక్షరం దాకా నిలబడి విన్నాను.