సుగుణమ్మ కప్పిన టార్పాలిన్

వినాయకుడి బొమ్మలు చేసే ధూల్‌పేటలో శ్రావణమాసపు చినుకు రాలిందంటే, పొయ్యి మీద పాలున్నా వదిలేసి ఆడవాళ్లు వాకిట్లోకి ఉరుకుతారు. ఆరబెట్టిన మట్టి వినాయకుడు తడిస్తే నెల రోజుల కష్టం కరిగిపోతుంది. సుగుణమ్మ ముప్పై రెండేళ్లు అలాగే ఉరికింది. కొంగు నడుముకు చుట్టి, టార్పాలిన్ విదిలించి, బొమ్మ తల మీదుగా జారవిడిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టేది. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు ఆ గల్లీలో లేరు. చివరికి ఆ అలవాటే ఆమెను చంపింది. కాదు, తప్పు రాశాను. ఆమెను చంపింది అది కాదు. ఏది చంపిందో చెప్పడానికే ఈ కథ.

ఆమె కొడుకు నిఖిలేష్‌కు ఇరవై నాలుగేళ్లు. ఇంటింటికీ భోజనం పార్సిళ్లు చేర్చే పని. రోజుకు వంద కిలోమీటర్లు తిరగాలి. తండ్రి సోమయ్యది ఒక పాత మోటారు సైకిలు. దాని ఇంజను తీసేసి కరెంటు మోటారు బిగించుకోవాలని నిఖిలేష్ పట్టుబట్టాడు. సైదాబాద్‌లో మెకానిక్ జలాలుద్దీన్ షెడ్డు ఉంది. అతను సోమయ్యకు పాతికేళ్లుగా స్నేహితుడు. మోటారు రెండు రోజుల్లో బిగిసింది. పేచీ అంతా బ్యాటరీ దగ్గర వచ్చింది.

“ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టు బేటా. జర బరువుంటది, జాగ ఎక్కువ పడ్తది. గని తొందరగ వేడెక్కదు. సీదా మనిషి లెక్క” అన్నాడు జలాలుద్దీన్.

“ఈ బండ్ల పట్టే ఫాస్ఫేట్‌ది డెబ్బై కిలోమీటర్లు గూడ రాదు చాచా. ఎన్ఎంసీ బ్యాటరీ అయితే తేలిక, మస్తు దూరం పోతది. సెల్స్ గూడ తెచ్చిన.”

నిఖిలేష్ సంచి విప్పాడు. తుక్కుకు పోయిన స్కూటర్లలోంచి తీసిన సెల్స్. వాటికి కొత్త నీలం తొడుగులు. జలాలుద్దీన్ ఒకదాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తొడుగు అంచున తుప్పు మరక కనిపించింది.

“ఇవి పాతయి. ఇండ్ల ఏది ఎంత పానంతోటి ఉన్నదో ఎవలకెరుక? ఒక్కటి గరమైతే పక్కదాన్ని ముట్టిస్తది.”

“నేను చెక్ చేసిన చాచా. ఫికర్ చెయ్యకు.”

“నీ ఇష్టం మరి.”

పాఠకులారా, మన మధ్య ఎన్ని అనర్థాలు ఆ ‘నీ ఇష్టం’ వెనక దాక్కున్నాయో ఆలోచించండి. తెలిసినవాడు ఆ మాట అని చేతులు దులుపుకుంటాడు. జలాలుద్దీన్ చెడ్డవాడు కాడు. స్నేహితుడి కొడుకు మనసు నొప్పించలేకపోయాడు, అంతే. సెల్స్ అన్నీ తన చేత్తోనే అతికించి ఇచ్చాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు సోమయ్య జలాలుద్దీన్‌ను చాయ్‌కి పిలిచాడు. సుగుణమ్మ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్లిపోయాక, జలాలుద్దీన్ నిఖిలేష్‌కు వేలు చూపించి మరీ చెప్పాడు.

“చార్జింగ్ పెడ్తె గాలి తగలాలె. పైన ఏం కప్పొద్దు. ఇంట్ల వద్దు, బయట పెట్టు.”

“ఎరుకే చాచా” అన్నాడు నిఖిలేష్ ఫోను చూసుకుంటూ.

బయట అంటే ఎక్కడ? గల్లీలో పెడితే తెల్లారేసరికి బండి ఉండదు. ఇంటి లోపలి వాకిలంతా గణపతులు. మిగిలింది వీధి గుమ్మం వెనక ఉన్న ఇరుకు నడవ. ఇంటికి ఉన్నది ఆ ఒక్క దారే. ఆ నడవలోనే కొబ్బరి పీచు మూటలు, రంగు డబ్బాలు.

ఒక మధ్యాహ్నం నిఖిలేష్ బండికి ప్లగ్గు పెట్టి, ఏదో పని మీద పత్తర్‌గట్టికి పోయాడు. వాన మొదలైంది. సుగుణమ్మ ఉరికి బొమ్మలన్నీ కప్పింది. తిరిగి చూస్తే నడవ రేకు చిల్లిలోంచి నీళ్లు బండి మీద పడుతున్నాయి. “అయ్యో, పిలగాడు పానం పెట్టి చేసుకున్న బండి!” అనుకుంది. మిగిలిన టార్పాలిన్ తెచ్చి, గణపతికి కప్పినంత పదిలంగా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. గాలి దూరే సందు కూడా ఉంచలేదు.

అరగంటకు పొగ లేచింది. సుగుణమ్మ బండిని కాపాడాలని టార్పాలిన్ ఎత్తింది. మంట ఒక్కసారిగా ఆమె మీదికి వచ్చింది. ఆమెను లాగబోయిన సోమయ్య రెండు చేతులూ కాలిపోయాయి. దారి మూసుకుపోయింది. పొరుగువాళ్లు వెనక గోడ పగలగొట్టి ఇద్దరినీ బయటికి తీశారు.

ఆమె నాలుగు రోజులు బతికింది. కొడుకును ఒక్కటే అడిగింది. “బండి తడ్వలే గద, బిడ్డా?”

పదకొండో రోజు చుట్టాలంతా చేరారు. సోమయ్య అక్క నాగమణమ్మ కళ్లు తుడుచుకుంటూ, “ఆడదానికి మిషన్ల సంగతి ఏం ఎరుక? సప్పుడు జెయ్యక ఊకుంటె అయిపోవు. కప్పి తన సావు తనే తెచ్చుకున్నది” అంది. నలుగురు తలలూపారు. నిఖిలేష్ తల వంచుకుని కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ జలాలుద్దీన్ ముందుకు వచ్చాడు.

“గట్ల అనకు అక్కా. ఆమెకు ఎరుక లేదన్నవు. ఎందుకు లేదు? నాకు ఎరుకే, వీనికి ఎరుకే. ఆ బ్యాటరీ మంచిది గాదని ఎరుకుండి గూడ నా చేత్తోనే అతికిచ్చిన. కప్పొద్దని వీనికి చెప్పిన. పొద్దుందాక ఆ బండి పక్కన ఉండేది ఎవలు? భాభీ. ఆమె పోసిన చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టిన, ఆమెను పిలిచి ఒక్క మాట చెప్పలే.”

“అమ్మకు అర్థం గాదనుకున్న చాచా” అన్నాడు నిఖిలేష్, ఏడుస్తూ.

“‘కప్పకు, వేడెక్కుతది.’ రెండే మాటలు బేటా! వానకు ఏది కప్పాల్నో ముప్పై రెండేండ్ల సంది ఎరుకున్న మనిషికి, ఏది కప్పొద్దో చెప్తె అర్థం గాదా?”

సోమయ్య కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని వాకిట్లోకి చూస్తూ ఉండిపోయాడు. బొమ్మలకు కళ్లు దిద్దేది ఆ చేతులే. సుగుణమ్మ ఆఖరిసారి కప్పిన టార్పాలిన్ల కింద, కళ్లు లేని గణపతులు అలాగే ఉన్నారు.

ఇంటికి తెచ్చిన యంత్రం గుణమూ ప్రమాదమూ ఆ ఇంట్లో ప్రతి మనిషికీ చెప్పి తీరాలి. తెలిసీ చెప్పనివాడికి, తెలియక కప్పిన చేతిని తప్పుపట్టే హక్కు లేదు.