షాఫ్టు కింద పీట

గంజి వార్చి గుండిగ దించాక మా అత్త జగ్గమ్మ నా చెయ్యి చూసి, "ఒసే తవిటీ, అరిసెయ్యి బొబ్బలెక్కిపోనాది, తెలీలేదేటే?" అంది. నిజంగానే తెలియలేదు.

కోటబొమ్మాళిలో మా ఇంటిని ఆనుకునే మా బియ్యం మిల్లు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తల మీద పొడవాటి ఇనుప షాఫ్టు తిరుగుతుంది. డీజిలింజను దాన్ని తిప్పితే, బెల్టులు మరల్ని తిప్పుతాయి. ఆ షాఫ్టు కింద పీటేసుకుని నూకా తవుడూ చెరగడం నా పని. బయటి మనిషైతే కూలి ఇవ్వాలి. నేను ఇంటి మనిషిని. ఈ ఏడు కొత్త మర తగిలించాక, ఆ బరువుకి ఇంజను జోరు తగ్గి ఒక్కచోటే ఉంటోంది. సరిగ్గా ఆ జోరు దగ్గరే షాఫ్టు నడుము ఊగుతుంది, నేల వణుకుతుంది, ఆ వణుకు ఒంట్లోకి ఎక్కి చేతివేళ్ల దాకా పాకుతుంది. చెబితే మా ఆయన గణపతిరావు, "మిల్లన్నాక ఊగదేటి? నీకన్నీ ఇడ్డూరాలే" అన్నాడు. మళ్లీ చెప్పలేదు. కొన్నాళ్లకు అరిచెయ్యీ వేళ్లూ కూడా, వేడి తగిలినా, చెప్పడం మానేశాయి.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫిట్టరు సత్యరాజు కూడా చెప్పాడు. "షాఫ్టుకి దాని ఊపు దానికుంటాది బాబూ. ఇంజను ఊపు దాంతో కలిసిపోతన్నాది. మద్దెన ఇంకో బేరింగు ఎయ్యండి. లేపోతే ఇరిగిపోతాది."

"పంట రోజులు. మర ఆపితే రైతులు ఏరే మిల్లుకి పోతారు," అన్నాడు మా ఆయన.

నా చేతికి గుడ్డ కట్టిన రోజు, "అది బాగయ్యేదాకా సిన్నతల్లి కూకుంటాది" అన్నాడు. చిన్నతల్లి నా తోటికోడలు. మా మరిది లక్ష్ముణ్ణి చేసుకుని వచ్చి నెల కాలేదు. పీట మీద కూర్చుని చేట పట్టుకుంది. షాఫ్టు ఊగింది. పైనుంచి బోల్టొకటి ఊడి ఆమె చేటలో పడింది.

"అక్కా, ఇది దేనిదే?" అని చూపించింది, కూర్చున్న చోటునుంచి కదలకుండానే.

భయం వేసిందని చెప్పలేను. ఏమీ వేయలేదు. నడిచి వెళ్లి ఇంజను ఆపేశాను.

"ఎవులాపినారు?" అంటూ మా ఆయన వచ్చాడు.

"నేనే మావా. మద్దెన బేరింగు ఏసిందాకా మేమిద్దరం ఆ పీట మీద కూకోం."

"మరెవులు కూకుంటారే?"

"నువ్వు కూకో."

రైతులు చూస్తున్నారు. బోల్టు బిగించి, ఇంజను వేసి, తనే కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తి పైకి చూశాడు. మళ్లీ చూశాడు. లేచి ఇంజను ఆపి, "సత్యరాజుకి కబురెట్టు" అన్నాడు లక్ష్ముడితో. నా వైపు చూడలేదు.

సంతోషం కలగాలి కాబోలు. కలగలేదు.

"మగోళ్లు వస్తన్నారు, అన్నం ఎట్టు" అంది అత్త వంటింట్లో. రెండు కంచాలు తీశాను. ఒకటి చిన్నతల్లి ముందు పెట్టి, రెండోది నా ముందు పెట్టుకుని కూర్చున్నాను.