నానబెట్టిన కోటు

మందుల ఫ్యాక్టరీలో ట్రేలకి అంటుకున్న మందుపొడిని అతను రేకుతో గీకి డ్రమ్ములో పోస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే గీకుడు. కనుబొమల మీద, చెవి మడతల్లో, కోటు కుట్లలో తెల్లటి దుమ్ము. తోటివాళ్ళు 'పిండిబాబాయ్' అంటారు. ఈ మందుతో ఎందరు మంచం దిగి నడిచారో అతనికి తెలియదు. వాళ్ళకి ఇతను తెలియడు. చెల్లుకి చెల్లు.

ఇవాళ రేకు మాటిమాటికీ జారుతోంది. భార్య మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. జ్వరం రక్తంలోకి పాకింది. రెండు మందులు మార్చినా లొంగలేదు. మిగిలింది అతను గీకే ఈ మందొక్కటే. పొద్దున పరీక్ష కోసం చుక్కంత ఎక్కించేసరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక గిలగిల్లాడింది.

"ఈ మందు ఇంతకుముందు వాడారా?" అడిగాడు డాక్టరు.

"ఎన్నడూ లేదండి."

ఆ జవాబు మీదే అనుమానమొచ్చి మధ్యాహ్నం ఫ్యాక్టరీ ల్యాబు మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆ మందు పుట్టే మట్టిక్రిమిని గాజుపళ్ళెంలో ఒకసారి చూపించింది ఆవిడే. చుట్టూ క్రిములన్నీ చచ్చి, నడుమ అదొక్కటే నిక్షేపంలా ఉంది. "విషం వండే ముందే తనకి కవచం తొడుక్కుంటుంది. ఆ విద్య దాని జన్యువుల్లోనే ఉంటుంది," అంది. ఇంటికెళ్ళి చెబితే భార్య పకపకా నవ్వింది. "కంటికి ఆనని పురుగుకున్న జాగ్రత్త మీకు లేదు. ఆ కోటు ఇలా పడెయ్యండి!"

కోటు ఫ్యాక్టరీలోనే విడిచి వెళ్ళాలని అక్కడ గోడమీద కాగితం అంటించి ఉంది. కంపెనీ వాషింగ్ మిషను కాలరు మురికి వదిలించదని భార్య ఇంటికి తెమ్మనేది. రెండు కోట్లు. రోజుకొకటి దులిపి, చేత్తో రుద్ది పిండేది.

"మేడమ్, ఈ దుమ్ము కోట్లు ఉతికినంత మాత్రాన కూడా తర్వాత ఈ మందు ఒంటికి పడకుండా పోతుందా?"

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "ఇంటికి తీసుకెళ్ళేవారా?"

అతను తల దించుకున్నాడు. పురుగుకి పుట్టుకతో కవచం. మనిషికి గోడమీద కాగితం.

సాయంత్రం ఆసుపత్రిలో భార్య మంచం పక్కన కూర్చున్నాడు. "ఇదంతా నా కోటు..." అంటూ ఎత్తుకున్నాడు.

"అవును, కోటు!" ఆవిడ కళ్ళు తెరిచింది. "ఇక్కడికొచ్చిన రోజు నానబెట్టాను. పిండి ఆరెయ్యండి, కంపు కొడుతుంది."

"అలాగేలే."

వార్డులో దీపాలు వెలిగేలోపే ఆవిడ చెయ్యి అతని చేతిలో చల్లబడింది.

తరవాత ఇంటి తాళం తీశాడు. స్నానాలగదిలో బకెట్టు నిండా తెల్లటి నీళ్ళు. అందులో కోటు, మునగకుండా పైకి తేలిన కాలరు మీద ఆవిడ ముందే రుద్ది ఉంచిన సబ్బు.