సున్నపు తేట

సుయెమి ఆ నెలలో నూట పది గ్రాములే పెరిగింది. నాలుగు నెలల పిల్లకు అది చాలదని ఆరోగ్య కేంద్రంలో చెప్పేసరికే, తప్పు ఎవరిదో ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే నానమ్మ ఆదీ తేల్చుకుంది. కోడలు నెయ్దాదే. ప్రసవమైన మూడో వారంలో జ్వరం తగిలి నెయ్దాకు పాలు ఎండిపోయాయి. అప్పటినుంచి పిల్లకు డబ్బా పాలే. కోడలి చెయ్యి పిసినారిదనీ, కొలతచెంచా ఏనాడూ నిండుగా వెయ్యదనీ ఆదీ కొడుకుతో చెప్పింది. రోజంతా రాతి గనిలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చే విల్బెర్త్‌కు రెండో పక్షం వినే ఓపిక లేదు. ఇకమీదట పాలు అమ్మే కలుపుతుందన్నాడు. నెయ్దా డబ్బా తెచ్చి అత్తగారి ముందు పెట్టి, ఉయ్యాల మంచంలో గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదీ చెంచా నిండుగానే వేసేది, కత్తితో అంచు వెంట సమం చేసి మరీ. దానితోపాటు ప్రతి సీసాలోనూ రెండు చెంచాల సున్నపు తేట పోసేది. రొట్టెల కోసం మొక్కజొన్నలు ఉడికించే సున్నాన్నే కుండలో నానబెట్టి, పైకి తేరిన నీటిని వంచి తన ముగ్గురు పిల్లలకూ పట్టింది. ముగ్గురి ఎముకలూ ఉక్కు ముక్కలు. నెయ్దా కలిపిన రోజుల్లో పొద్దుటి సీసాలో మాత్రమే, అదీ ఆదీ పోస్తేనే, ఆ తేట పడేది. ఇప్పుడు రోజుకు పట్టే ఆరు సీసాల్లోనూ పడుతోంది. పిల్ల మలం మేక పెంటికల్లా గట్టిపడింది. ముక్కి ముక్కి ఏడ్చేది. ఏడ్చి అలిసి సగం సీసా వదిలేసేది. మరుసటి తూకానికి పెరిగింది ముప్పై గ్రాములు. వచ్చేసారీ ఇలాగే ఉంటే మెరిదా నగరంలోని పెద్దాసుపత్రిలో చేర్చాలన్నారు.

కేంద్రంలో పోషకాహారం చూసే రూబీ వాళ్ల ఊరి పిల్లే. పాలు ఎవరు కలుపుతున్నారని అడిగింది.

"నేనే. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చేతులివి, వీటికి కొలతలు నేర్పకు," అంది ఆదీ. పిల్ల కడుపును మొదటి మూడు నెలల్లోనే కోడలు పాడుచేసిందని కూడా చెప్పింది.

రూబీ నవ్వి, పొడీ నీళ్లూ కాక ఇంకేమైనా కలుపుతున్నారా అని అడిగింది. ఏమీ లేదంది ఆదీ. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో అబద్ధం లేదు; తేట ఆమె లెక్కలో నీళ్లే. పక్కన పిల్లను ఎత్తుకుని కూర్చున్న నెయ్దా మాత్రం తలెత్తి అత్తగారి వైపు చూసి, మళ్లీ దించుకుంది.

అప్పుడు రూబీ కొవ్వు సంగతి చెప్పింది. పాలలోని కొవ్వు అంటే, ఒక కొయ్యకు మూడు సంచులు తగిలించినట్టు. పేగుల్లో పక్క సంచులు రెండూ తెగి పడతాయి. నడిమిది కొయ్యతోపాటే ఒంట్లోకి చేరుతుంది. తల్లిపాలలో గట్టి కొవ్వు ఎక్కువగా నడుమనే ఉంటుంది. చాలా డబ్బాల్లో వాడే పామాయిల్‌లో అదే కొవ్వు పక్కల ఉంటుంది. సరుకు ఒకటే, తగిలించిన చోటే వేరు. అలా తెగి పడ్డ గట్టి కొవ్వు పాలలోని కాల్షియాన్ని పట్టుకుని సబ్బు అవుతుంది. అది ఒంటికి పట్టదు, మలాన్ని గట్టిచేసి బయటికి పోతుంది. కొవ్వూ పోతుంది, కాల్షియమూ పోతుంది.

"డబ్బా పాలు తాగే పిల్లలందరిలోనూ కాస్తో కూస్తో ఇది జరిగేదే," అంది రూబీ. "చాలామందికి ఏమీ కాదు. ఈ పిల్లకే ఎందుకింత అయిందో నాకు తెలియడం లేదు."

సబ్బు అన్న మాట దగ్గరే ఆదీ ఆగిపోయింది. ఆ ఊరి బావుల నీళ్లు సున్నపురాయిలోంచి ఊరేవి. యాభై ఏళ్లుగా ఆ నీళ్లలో బట్టలుతుకుతోంది. నురగ రాదు, సబ్బంతా తెల్లని మడ్డిగా తొట్టి అంచుకు అంటుకుంటుంది.

"కాల్షియమంటే సున్నమేగా?" అని మెల్లగా అడిగింది.

"సున్నంలో ఉండేది అదే."

"ఎక్కువైతే?"

"సబ్బు ఎక్కువవుతుంది."

ఎముకల కోసం పోసిన తేటే ఎముకలకు చేరవలసినదాన్ని మోసుకుపోతోంది. చెప్పవలసిన క్షణం అదేనని ఆమెకు తెలుసు. ఆ క్షణం దాటిపోయింది. కోడలి గురించి ఆదీ అన్న మాటనే మనసులో పెట్టుకుని, కొలతలు జాగ్రత్తగా వేయమని రూబీ నెయ్దాకు చెప్పి పంపింది.

సాయంత్రం కొడుకు భోజనానికి కూర్చున్నాక ఆదీ రొట్టెలు వడ్డించి, ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, చెంచాలో తప్పు లేదు. పాలల్లో నేను సున్నపు తేట పోస్తున్నాను. మొదట్నుంచీ."

"మమ్మల్నీ అలాగే పెంచావుగా అమ్మా," అన్నాడు విల్బెర్త్.

అది తప్పించుకోవడానికి అతను తీసిపెట్టిన దారి. ఆదీ ఆ దారిన పోలేదు.

"మీరు నా పాలు తాగారు. ఇది డబ్బా పాలు తాగుతోంది. ఆ తేడా నాకు తట్టలేదు. నెయ్దా చెంచా గురించి నీకు చెప్పింది నేను కంటితో చూసింది కాదు, కల్పించుకున్నది."

విల్బెర్త్ రొట్టె తుంచబోయి ఆగాడు. నెయ్దా పిల్లను భుజం మార్చుకుంది.

"పొద్దున అక్కడే చెప్తారేమోనని చూశాను అత్తయ్యా."

"చెప్పలేకపోయాను."

"నేను చెబితే ఎవరూ నమ్మరని ఊరుకున్నాను," అంది నెయ్దా, మొగుడి వైపు చూస్తూ. తర్వాత చెయ్యి చాచింది. "డబ్బా ఇలా ఇవ్వండి."

మర్నాడు ఆదీ ఒక్కతే నడిచి వెళ్లి రూబీకి అంతా చెప్పింది. తేట మానేసి మూడు నాలుగు రోజులు చూద్దామంది రూబీ. ఆ రోజుల్లో ఆదీ సీసా ముట్టుకోలేదు, పిల్లను ఇమ్మని అడగనూ లేదు. నెయ్దా పాలు పట్టేటప్పుడు వంటింట్లోంచి చెవి ఒగ్గి, సీసా ఖాళీ అయిందో లేదో చప్పుడును బట్టి పోల్చుకునేది.

నాలుగో రోజు నెయ్దా పిల్ల గుడ్డను తెచ్చి పొయ్యి దగ్గర విప్పింది. పచ్చగా, మెత్తగా ఉంది. అత్తాకోడళ్లిద్దరూ దాని మీదికి వంగి, కంసాలి దగ్గర నగ చూసుకునేవాళ్లలా చూశారు.

"రూబీకి ఫోన్ చేసి చెప్పండి," అంది నెయ్దా.

"నువ్వే చెప్పు," అంది ఆదీ. "పాలు కలిపేది నువ్వు."