ముందే నిండిన గడి

టైలరమ్మ తన చెయ్యి దాటిపోతోందని మాస్టారుకి సోమవారమే అనుమానం వచ్చింది. పదకొండేళ్లుగా ఒకే జిమ్‌లో శిక్షణ ఇస్తున్న మనిషి. మెట్లెక్కితే ఆయాసపడే ఆవిడ చేత మూడేళ్లలో ఎనిమిది కిలోల డంబెల్ తల మీదికి ఎత్తించాడు. అలాంటిది, ఆవిడ నీళ్ల కూలర్ దగ్గర కొత్త కోచ్‌తో గుసగుసలాడుతోంది! ఈయన్ని చూడగానే ఇద్దరూ నోళ్లు కుట్టేసుకున్నారు.

కొత్త కోచ్ చేరి నెల కూడా కాలేదు. అందరినీ అక్కా, అన్నా అంటూ తిరుగుతుంది. ఆ పిల్లని చూస్తేనే మాస్టారుకి ఒళ్లు మంట. క్లయింట్లతో సంబంధమంటే కబుర్లు కాదు, నోటుపుస్తకం అని ఆయన నమ్మకం. మనిషికో పుస్తకం. బరువు, నిద్ర, నొప్పి, అన్నిటికీ గడులు. టైలరమ్మ కూతురి పరీక్ష తేదీ కూడా అందులో ఉంది. ఇంతకంటే ఎవరు పట్టించుకుంటారట?

బుధవారం అంత ఉక్కపోతలోనూ ఆవిడ పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది. శుక్రవారం ముందుగానే వచ్చి, కొత్త కోచ్ వెనకాలే మూలగదిలోంచి బయటికొచ్చింది. ఇక సందేహమేముంది? మాస్టారు ఎదురెళ్లాడు.

"ఏంటమ్మా, కొత్త గురువు దొరికినట్టుందే?"

"అబ్బే, అదేం లేదు మాస్టారూ," అని నీళ్లు నమిలింది.

కోపంతో ఆయన పది కిలోల డంబెల్ అందించాడు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ మొహం పాలిపోయింది. డంబెల్ జారి రబ్బరు చాప మీద దబ్బున పడింది. చొక్కా పక్కకి జరిగిన చోట, భుజం మీద నొప్పికి అంటించే నీలం రంగు టేపు.

కొత్త కోచ్ పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడైనా చెప్పేయండక్కా!"

"రెండు నెలలుగా భుజం పట్టేస్తోంది మాస్టారూ. కత్తెర కూడా ఆడటం లేదు. ఈ అమ్మాయి టేపు వేసి, మీకు చెప్పమని రోజూ పోరుతోంది."

"మరి నాకెందుకు చెప్పలేదు? నొప్పికి గడే ఉందిగా!" పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ ఆ రోజు తేదీ మీద వేలు పెట్టింది. నొప్పి: లేదు. వేలు కిందికి జరిగింది. రేపు: లేదు. ఎల్లుండి: లేదు. నెలాఖరు దాకా అదే.

"ఒకటో తారీఖునే రాసేస్తారు కదా. మీరు రాసిపెట్టాక కాదంటే ఏం బాగుంటుంది? బరువు పెరిగినప్పుడల్లా మీ మొహం వెలిగిపోతుంది కూడాను."

పని తేలికవుతుందని ఆయనే అలా నింపేవాడు. మాస్టారుకి తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. పెన్ను తీసి 'లేదు'లన్నీ కొట్టేశాడు. "ముందు డాక్టరుకి చూపించండి. ఆ తర్వాత..." నా దగ్గరికే రండి అనబోయి ఆగాడు. "ఎవరితో చెప్పుకోగలరో వాళ్ల దగ్గరే చేయండి."

ఆవిడ సంచి తీసుకుని వెళ్లింది.

తర్వాతి వంతు పోస్టాఫీసు గుమాస్తాది. ఈసారి మాస్టారు పుస్తకం తెరవకుండానే అడిగాడు.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

గుమాస్తా తడబడి, ఆయన చేతిలోని పుస్తకం వైపు చూశాడు.

"మీరేం రాశారు మాస్టారూ?"